ఏటి మడుగులకూ ఒక తడి



పంటకు తడి పెట్టడం గురించి మీకు ఒకరు చెప్పనక్కరలేదు. నారుమడికి ఎంత నీరు నిలపాలో, చిరుపొట్ట దశలో తడి తప్పితే ఏమవుతుందో, కోతకు ముందు మడిని ఎప్పుడు ఆరగట్టాలో మీ చేతికి తెలుసు. అయితే ఏటికి తడి పెట్టడమంటే కొంచెం నవ్వు వస్తుంది. ఏరే మనకు నీరిచ్చేది గదా, దానికి మనం పెట్టేదేమిటి అనిపిస్తుంది. అడ్డంగా ఆనకట్టలు లేని రోజుల్లో ఆ మాట నిజమే. ఇప్పుడు ఏటి నీరంతా తూములు, గేట్ల చేతిలో ఉన్నది. గేటు తీస్తేనే ఏరు, దించితే ఇసుక. అందుచేత ఏటి పక్కన పల్లపు నేలలు, మడుగులు, వాటిని నమ్ముకున్న చేపలు, పక్షులు బతకాలంటే ఎవరో ఒకరు తలచుకొని, లెక్కగట్టి, అదనెరిగి నీరు వదలవలసి వస్తున్నది. దీనినే ఈ ప్రసంగంలో ‘ఏటి తడి’ అందాము.

దూరదేశం సంగతులు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు మన మంజీరను చూద్దాము.

సికింద్రాబాదులో సీతాఫల్‌మండి అని ఒక పేట ఉన్నది. పేరునుబట్టే ఒకనాడు సీతాఫలాల గంపలు దిగిన చోటని తెలుస్తుంది. పల్లె పండు పట్నానికి వచ్చిన దారి అది. పల్లె నీరు పట్నానికి వచ్చిన దారి వేరు. 1908లో మూసీ వరద వచ్చి పట్నాన్ని ముంచిన తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారైనవి. జంటనగరాలు పెరిగి ఆ రెండు చెరువులు చాలకపోగా, 1965లో మంజీర నీరు గొట్టాల్లో బయలుదేరింది. 1981లో ఇంకొంత, 1991లోను 1994లోను సింగూరు నుంచి మరికొంత తెచ్చారు. తరువాత కృష్ణ వచ్చింది, 2015లో గోదావరి వచ్చింది. నేడు పట్నం కుళాయిలో ఏ నది నీరు ఎంత పాలు కలిసిందో చెప్పడం కష్టం. మంజీర ఒడ్డు రైతుకు ఈ కథతో సంబంధమేమిటంటారా? చాలా ఉన్నది.

మంజీర మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదరు సీమ దాటి, మన సంగారెడ్డి జిల్లాలో ప్రవేశిస్తుంది. ఆగ్నేయంగా వచ్చిన ఏరు సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్లి, మెదకు మీదుగా నడిచి, నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల నడక. ఈ నడకలో మన రాష్ట్రంలో నాలుగు చోట్ల అడ్డుకట్టలు తగులుతాయి. అన్నిటికంటె ఎగువన సింగూరు, దాదాపు 30 టీఎంసీలు పట్టేది. దాని దిగువన కల్పగూరు వద్ద మంజీర బ్యారేజి, ఒకటిన్నర టీఎంసీది. ఆ కింద నిజాం కాలంలో 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట, ఇరవై వేల ఎకరాలకు పైబడిన ఆయకట్టు. అన్నిటికంటె దిగువన 1931లో పూర్తయిన నిజాంసాగరు.

సింగూరుకూ మంజీర బ్యారేజికీ మధ్య సుమారు 36 కిలోమీటర్ల పొడవున ఏటిని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అరణ్యమంటే చెట్ల అడవి కాదు. మధ్యమధ్య పుట్టిగడ్డ, బాపనగడ్డ, కర్ణంగడ్డ వంటి తొమ్మిది చిన్న గడ్డలు, వాటి అంచున జమ్ము, తుంగ, మిట్టల మీద తుమ్మ. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు అక్కడ ఉంటాయి. చలికాలంలో తలమీద నల్లచారలున్న బాతులు హిమాలయాలకు ఆవలినుంచి వచ్చి దిగుతాయి. నీటిలో మగర జాతి మొసళ్లున్నవి. ఒకప్పుడు దేశమంతటా ఈ జాతి అంతరించే దశకు వచ్చింది. 1975లో మొదలైన మొసళ్ల పరిరక్షణ పథకం కింద గుడ్లు పొదిగించి, పిల్లలను పెంచి ఏళ్లలో వదిలారు. మంజీర మొసళ్లు నిలదొక్కుకున్నది ఆ తర్వాతనే.

ఇక అసలు సంగతికి వద్దాము. ఏటి పల్లానికి నీరు ఎందుకు కావాలి, ఎప్పుడు కావాలి?

వరిపైరుకు దశలున్నట్టే ఏటి పల్లానికీ దశలున్నవి. తొలకరిలో ఎర్రనీరు వచ్చి గట్టు పొర్లి పల్లం మీద పరుచుకుంటుంది. ఆ నీరు లోతుండదు, మోకాటి బంటి, నడుం బంటి. ఎండ తగిలి త్వరగా వెచ్చబడుతుంది. ఏడాదంతా ఎండిన గడ్డి, ఆకు, పేడ అందులో కుళ్లి కంటికి కనపడని పురుగు లక్షల్లో పుడుతుంది. సరిగ్గా అప్పుడే చేప గుడ్డు పెట్టడానికి లోతునుంచి పల్లానికి ఎక్కుతుంది. పిల్లచేపకు అక్కడ మేతా ఉన్నది, గడ్డిలో దాక్కునే చోటూ ఉన్నది. కొర్రమీను, మట్టగిడస వంటివి పెరిగేది అట్టి చోటనే. వాన వెనకబట్టాక నీరు రోజుకింత చొప్పున తీస్తుంది. పెరిగిన పిల్ల మడుగుల్లోకి దిగుతుంది. పల్చబడిన నీటిలో చేప దొరకడం సులువు గనుక పక్షులు ఆ అదనులోనే గూడు కట్టి పిల్లలను సాకుతాయి. చివరకు వేసవిలో పల్లం ఎండి నెర్రెలు విడుస్తుంది. ఆ ఎండడం కూడా అవసరమే సుమా! నెర్రెల్లో గాలి ఆడి, బురద పక్వమై, మరుసటి వరదకు మళ్లీ సారం సిద్ధమవుతుంది. ఎండాకాలం దుక్కి ఎందుకు మంచిదో తెలిసిన రైతుకు దీనిని వేరే వివరించనక్కరలేదు.

అంటే పల్లం ఏడాది పొడవునా నీటిలో మునిగి ఉండాలని ఎవరూ అనడం లేదు. కదలకుండా నిలవ ఉన్న నీరు మంచిది కాదు. గుర్రపుడెక్క, జమ్ము అల్లుకొని, అడుగు కుళ్లి, చేప చచ్చిపోతుంది. కావలసినది ఎక్కడం, పరుచుకోవడం, మెల్లగా తీయడం, ఎండడం. ఈ వరుస తప్పకూడదు.

ఆనకట్ట వచ్చాక తప్పేది ఈ వరుసే. పెద్ద వరదను ఏ ఆనకట్టా ఆపలేదు, అది వచ్చిననాడు గేట్లన్నీ ఎత్తవలసిందే. ఆగిపోయేవి చిన్న చిన్న వరదలు. రెండేళ్లకొకసారి, ఏటా ఒకటి రెండుసార్లు వచ్చి పల్లాన్ని తడిపిపోయే వరదలే ఏటి పల్లానికి ప్రాణం. జలాశయం సగం నిండి ఉన్నప్పుడు వాటిని మొత్తంగా తాగేస్తుంది. దిగువకు చుక్క రాదు. ఆపైన కరువు వస్తే చెప్పేదేమున్నది? 2015-16లో సింగూరు అడుగంటింది. మంజీర బ్యారేజి వెనక మడుగులు ఎండినవి. పట్నానికి అక్కడినుంచి నీరు తీసుకోవడం ఆపి కృష్ణ, గోదావరి నీటితో సర్దుకున్నారు. పట్నానికి మరో రెండు నదులున్నవి. ఘనపురం రైతుకు మరో నది లేదు. మొసలికీ లేదు.

ఆ మాట ఒక సభలో చెప్పినప్పుడు ఒక పెద్దాయన లేచి అడిగాడు.

“సారూ, మా మడికే నీళ్లు లేకపాయె. మొసళ్లకు ఇడువుమంటరా?”

“పెద్దయ్యా, మీ మడికి వదిలే నీళ్లు ఏ దారిన పోతయి?” అని అడిగాను.

“ఏట్లనే పోతయి.”

“ఆ ఏట్లనే గదా మొసళ్లున్నయి.”

ఆయన కాసేపు ఆలోచించి, “అయితే మా వాటాల కోత పెట్టరన్నట్టు” అన్నాడు. అది ముఖ్యమైన ప్రశ్న. దానికి లెక్కతో జవాబు చెప్పవలసి ఉన్నది.

ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. వాడుకలో వరికైతే ఐదారు వేల ఎకరాలకు, ఆరుతడికైతే పది వేల ఎకరాలకు సరిపోతుందంటారు. వెయ్యి క్యూసెక్కులు పదకొండున్నర రోజులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. నాలుగు వేల క్యూసెక్కులు మూడు రోజులు పారినా దాదాపు అదే టీఎంసీ. ఘనపురానికో నిజాంసాగరుకో సింగూరునుంచి నీరు వదిలినప్పుడు అది అభయారణ్యం గుండానే పోవాలి, మరో దారి లేదు. మూడు రోజుల్లో ఉరికించి నాలుగోరోజు ఠపీమని గేటు దించితే ఏమవుతుంది? నీరు ఎక్కిన పల్లంమీదికి పిల్లచేప ఎక్కి, తిరిగి దిగే లోపలే గుంటల్లో చిక్కి చస్తుంది. గడ్డ చుట్టూ నీరు తీసిపోయి, కుక్కలు, నక్కలు నడిచి వెళ్లి గూళ్ల కింద పడిన పిల్లలను ఎత్తుకుపోతాయి. ఒడ్డు మట్టి తడిసి, ఒక్కసారి నీటి ఆసరా పోయి కోసుకుపోతుంది. ఆ ఒడ్డు రైతు పొలమే! అదే నీటిని ఎక్కించేటప్పుడు రెండు మూడు మెట్లుగా, దించేటప్పుడు అంతకంటె నిదానంగా వదిలితే, టీఎంసీలో ఏమీ తగ్గదు. పల్లానికి ఒక తడి దక్కుతుంది. పంట తడీ ఏటి తడీ ఒకే నీటితో తీరుతాయి.

ఇక్కడ ఇంజనీర్లు ఒక అభ్యంతరం చెబుతారు, అందులో న్యాయం లేకపోలేదు. ఎండిన ఇసుకలో నీరు నిదానంగా పారితే చాలాభాగం ఇంకిపోతుంది, చివరి ఆయకట్టుకు చేరదు, అందుకే ఉరికించాలి అంటారు. నిజమే. కాబట్టి మొదట గట్టిగా వదిలి ఇసుకను తడపవలెను. ఏరు నిండుగా పారసాగిన తర్వాత నెమ్మదించవచ్చు. అదీగాక మధ్యలో మంజీర బ్యారేజి ఉన్నది. పైనుంచి ఒక వేగాన వచ్చిన నీటిని అక్కడ పట్టి, కిందికి మరో వేగాన వదలడానికి వీలున్నది. ఇంకిన నీరు కూడా గాలికి పోలేదు. అది ఒడ్డు వెంబడి ఊటబావుల్లోకి, బోర్లలోకి పోయింది. ఏటిలో నీరు నిలిచిన ఏడాది ఒడ్డు బావి మోటారు ఎన్ని గంటలు నడుస్తుందో, ఏరు ఎండిన ఏడాది ఎన్ని గంటలు నడుస్తుందో రైతే చెప్పాలి. పుస్తకం చూడనక్కరలేదు.

కాలం విషయమూ చూడాలి. మగర మొసలి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఒడ్డు మట్టిలో గొయ్యి తవ్వి గుడ్లు పెడుతుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు వస్తాయి. అప్పటి నీటి మట్టాన్నిబట్టి, దానికి కొంచెం పైన గొయ్యి తవ్వుతుంది. ఆ తర్వాత ఏప్రిల్‌లోనో మేలోనో మట్టం నాలుగడుగులు పెరిగితే ఆ ఏటి గుడ్లన్నీ మురిగినట్టే. యాసంగి తడులు వదిలేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. కనుక చేయవలసినదేమంటే, పెద్ద తడులను ముందుగానే వదలడం, గుడ్ల కాలంలో వదలవలసి వస్తే మట్టం ముందున్నదానికి మించకుండా చూడడం. ఇందులో రైతుకు నష్టమేమీ లేదు. వరికి పొట్టదశలో నీరు తప్పదంటే తప్పదు, ఆ తడిని ఆపమని ఎవరూ అనరు. ఎంత మట్టంతో వదులుతున్నామన్నదే చూసుకోవాలి.

ఏడుపాయల వనదుర్గమ్మ జాతర మీకందరికీ తెలుసు. ఘనపురం ఆనకట్ట దిగువన మంజీర ఏడు పాయలై పారే చోట, మహాశివరాత్రికి లక్షల మంది కూడుతారు. భక్తుల స్నానాలకని సింగూరు నుంచి కొంత నీరు వదలడం మనవారికి అలవాటే. ఆ నీరు ఏ మడికీ పారలేదని ఏ రైతూ తగాదా పడలేదు. ఏటికి ఒక రోజు నీరుండాలని అందరూ ఒప్పుకున్నారు గనుక అది సాగుతున్నది. ఆ జాతర నీరే పోతూపోతూ బ్యారేజి వెనక మడుగులను కూడా తడుపుతుంది. దానిని మొసలి గొయ్యి తవ్వకముందే, మెట్లుగా వదిలితే రెండు మొక్కులు ఒక్కసారే తీరుతాయి.

మొసలి, కొంగ బతికితే మాకేం ఒరుగుతుందని కొందరు సూటిగా అడుగుతారు. అడగనివ్వండి. మడుగులో నీరున్నంతకాలం మొసలి మడుగులో ఉంటుంది. మడుగు ఎండితే రాత్రిపూట నీరు వెతుక్కుంటూ కాలువల్లోకి, పొలం బావుల్లోకి వస్తుంది. అప్పుడు మేకకూ ప్రమాదమే, మోటారు వేయబోయిన మనిషికీ ప్రమాదమే. నత్తగుల్ల కొంగకు మేత నత్తలే. వరిమడి గట్టున అది నడిచిందంటే మీ పైరును కొరికే పురుగు పుట్రకు కూడా చేటే. ఏటిలో ఎండు ఇసుక కనపడగానే రాత్రికి రాత్రి ట్రాక్టర్లు దిగుతాయి. ఇసుక పోయిన చోట నీరు నిలవదు, ఊట తగ్గుతుంది. నీరున్న ఏటిలోకి ట్రాక్టరు దిగదు. ఇది చట్టం చేయలేని కావలి.

రైతుకూ ఏటికీ తగవు పడిన చోట ఏమైందో తెలుసుకోవడం మంచిది. రాజస్థానంలో భరత్‌పూరు దగ్గర కేవలాదేవ్ జాతీయవనం ఉన్నది. అది పూర్తిగా ప్రకృతి కట్టినది కాదు. రాజుల కాలంలో అజాన్ బంధం అనే కట్ట కట్టి, గంభీర్ ఏటి వరదనీటిని పల్లపు నేలల్లోకి మళ్లించగా ఏర్పడినది. అక్కడికి రష్యా మంచునేలల నుంచి సైబీరియా కొంగలు వచ్చేవి. 1985లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఎగువన కరౌలీ జిల్లాలో పాంచనా ఆనకట్ట కట్టాక దిగువకు నీరు తగ్గింది. కరువు వచ్చిన 2004లో ఎగువ రైతులు తమ నీరు పక్షులకు వదలరాదని గట్టిగా నిలబడ్డారు, నీరు రాలేదు. వనం బీడు పడింది. అంతకు ముందే, 2002 తర్వాత, సైబీరియా కొంగ మళ్లీ కనపడలేదు. దానికి నీటి కొరత ఒక్కటే కారణం కాదు, దారిలో వేటగాళ్ల చేతిలోనూ అవి పోయినవి. చివరకు గోవర్ధన్ మురుగుకాలువనుంచి గొట్టాలు వేసి నీరు తెచ్చారు. ఆ వనానికి ఏడాదికి కావలసినది సుమారు 55 కోట్ల ఘనపుటడుగులు, అంటే అర టీఎంసీ పైచిలుకు. ఎగువ రైతునూ దిగువ వనాన్నీ ఒకచోట కూర్చోబెట్టి కరువు రాకముందే ఒప్పందం రాసుకొని ఉంటే అంత దూరం పోయేది కాదని నా అభిప్రాయం. గొంతెండినప్పుడు చేసే బేరంలో పక్షులవైపు మాట్లాడేవాడు ఉండడు.

ఆస్ట్రేలియా దేశంలో ముర్రే, డార్లింగ్ నదుల వెంట ఇంకో విధంగా జరిగింది. అక్కడ ఏటికి నీరు సహజంగా శీతాకాలంలో, వసంతంలో ఎక్కువ, వేసవిలో తక్కువ. పంటలకు కావలసినది వేసవిలో. ఆనకట్టలు కట్టాక నది నడక తలకిందులైంది. వేసవిలో నిండుగా పారి, వరద కాలంలో ఎండసాగింది. ఏటి పల్లంలో వందల ఏళ్ల ఎర్రగమ్ చెట్లు ఎండినవి. నది నోట ఇసుక పూడి, 2002 నుంచి యంత్రాలతో తవ్వవలసి వచ్చింది. 2007లో చట్టం చేసి, నదికోసం నీటిహక్కులు కలిగి ఉండే ఒక అధికారిని నియమించారు. ఆ అధికారి చేతిలో ఉండేవి రైతు చేతిలో ఉండే హక్కుల వంటివే. కరువులో రైతు వాటా ఎంత కోత పడితే, నది వాటా అంతే కోత పడుతుంది. 2012 ప్రణాళికలో నదికి తిరిగి ఇవ్వవలసినదిగా పెట్టుకున్న లక్ష్యం ఏడాదికి 2,750 వందకోట్ల లీటర్లు, మన లెక్కలో దాదాపు 97 టీఎంసీలు. ఇది సాఫీగా సాగిందనుకోకండి. 2010లో గ్రిఫిత్ అనే ఊరిలో రైతులు ఆ ముసాయిదా ప్రతులను నడివీధిలో తగలబెట్టారు. హక్కులు కొనేసిన ఊళ్లలో సాగు తగ్గి, అంగళ్లు మూతబడ్డాయన్న ఫిర్యాదు నేటికీ ఉన్నది. కాలువలకు సిమెంటు వేసి, ఆదా అయిన నీటిని నదికిచ్చిన చోట తగవు తక్కువ. ఆ పద్ధతే మనకు నచ్చవలసినది. రైతు చేతిలోనిది లాక్కోకుండా, దారిలో పోతున్నదానిని మిగిల్చి ఇవ్వడం.

మన తెలుగునేల మీద ఏటి పల్లాన్ని చెరిపేసుకుంటే ఏమవుతుందో చూడాలంటే కొల్లేరుకు పోవాలి. కృష్ణ, గోదావరి డెల్టాల నడుమ పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వరదలు అందులో దిగి, ఒదిగి, దాదాపు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. వరదకు అది తొట్టి, వేసవికి అది ఊట. 1970ల నుంచి దాని అడుగులో చేపల చెరువుల కట్టలు లేచినవి. 1999లో అయిదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఉత్తర్వు మీద కట్టలు కొట్టారు. కొంతకాలానికి కొన్నిచోట్ల మళ్లీ లేచినవి. ఆటపాక వద్ద గూడబాతులకు కూర్చోను చెట్లు చాలక అటవీశాఖ ఇనుప మంచెలు నాటవలసి వచ్చింది, వాటిమీదనే అవి గూళ్లు కడుతున్నవి. పక్షి సర్దుకుంటుంది. నీరు సర్దుకోదు. వానకాలంలో తొట్టిలో చోటు లేక వరద చుట్టుపట్ల వరిచేలమీద పడుతున్నది. వేసవిలో పైనుంచి మంచినీరు తగ్గితే, ఉప్పుటేరు గుండా ఆటుపోటుతో ఉప్పునీరు ఎదురెక్కి వస్తున్నది. ఉప్పు తగిలిన మడిలో వరి ఎట్లా ఉంటుందో ఆ ప్రాంతపు రైతులకు తెలుసు. సముద్రంలోకి పోయే నీరంతా వృథా అని సులువుగా అనేస్తాము. ఉప్పును అవతలే ఆపి ఉంచే పని ఆ నీరే చేస్తున్నదని కొల్లేరు రైతు మాత్రం అనడు.

ఇదంతా పెద్ద ఆనకట్టల మాట, మాకేమి సంబంధమనుకునే చిన్న గ్రామాల రైతులు కూడా వింటున్నారు. వారికి వారి చెరువున్నది. మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలను పునరుద్ధరించాలని పెట్టుకున్నారు. పూడిక తీసేటప్పుడు చెరువు అడుగును అరచేతిలా సమంగా చదును చేయడం చాలాచోట్ల చూశాము. అది పొరపాటు. ఒక మూల రెండు మూడు మడుగులు లోతుగా ఉండనివ్వండి, వేసవిలో చేప, తాబేలు అక్కడ దాగుతాయి, వచ్చే ఏడు విత్తనం అక్కడినుంచే. ఒక అంచున మాత్రం లోతు లేకుండా ఏటవాలుగా వదలండి, కాళ్లు మునిగేంత నీటిలోనే కొంగ మేస్తుంది. శిఖంలో నాలుగు నల్లతుమ్మలుంటే కొట్టకండి, గూళ్లు వాటిమీదనే. పక్షుల రెట్ట పడిన నీరు తూము గుండా మడికి వస్తే అదొక ఎరువు. తమిళనాడు వేదాంతంగళ్ రైతులు ఈ సంగతి గ్రహించి, 18వ శతాబ్దంలోనే తమ చెరువు మీది పక్షులను కాల్చకుండా దొరల చేత ఉత్తర్వు తెచ్చుకున్నారు. మన నెల్లూరు సీమలో నేలపట్టు చెరువులో కడప చెట్లమీద గూడబాతులు గూళ్లు కడతాయి, ఊరివారు వాటిని బెదిరించరు.

తూము మట్టానికి కింద మిగిలిన నీరు అందరిది. దానిని ఇంజను పెట్టి లాగి ఒక మడి కాపాడుకుందామన్న ఆశ చివరి తడిలో ఎవరికైనా పుడుతుంది. ఊరు కూర్చొని, ఈ కొలరాయి దాకా వచ్చాక ఇంజను దించరాదని ముందే ఒక మాట అనుకోవాలి. మునుపు నీరటికాడు ఉన్న రోజుల్లో ఈ మాట అతని నోట ఉండేది, అందరూ వినేవారు. ఇప్పుడు దానిని కాగితం మీద పెట్టుకోవలసి ఉన్నది.

2012 నాటి జాతీయ జలవిధానం నదీప్రవాహంలో కొంత భాగాన్ని ప్రకృతి అవసరాలకు విడిగా ఉంచాలనీ, ఎక్కువ తక్కువ ప్రవాహాలు సహజమైన నడకను పోలి ఉండాలనీ చెప్పింది. చెప్పిన మాట గేటు దగ్గరికి రావాలంటే అడిగేవాడుండాలి. విస్తరణ ఉద్యోగులకు నా మనవి ఇది. యాసంగికి ముందు మీ రైతు వేదికలో నీటి లెక్క చెప్పే రోజున, ఎన్ని తడులు వస్తాయో చెప్పి ఊరుకోకండి. ఏ తేదీన, ఎన్ని క్యూసెక్కులతో, ఎన్ని రోజుల్లో ఎక్కించి ఎన్ని రోజుల్లో దించుతారో నీటిపారుదల ఇంజనీరును అడిగి బోర్డుమీద రాయించండి. దించే రోజులు ఎక్కించే రోజులకంటె తక్కువగా కనపడితే, ఆయకట్టు రైతుల సంతకాలతోనే ఒక అర్జీ పెట్టండి. ఫిబ్రవరి దాటాక ఒడ్డున కొత్తగా తవ్వి పూడ్చిన మట్టి కనపడితే దగ్గరికి పోకండి, తల్లిమొసలి అక్కడే కాపలా ఉంటుంది. అటవీశాఖ వారికి చెప్పి, ఆ చోట నీటి మట్టం ఎంతవరకు రావచ్చో ఒక గుర్తు పాతించండి.